వంతెన మీద జనం

నాటకశాలలో ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి హాజరుపట్టీ రాసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆమె గుసగుసమ్మ. రంగస్థలం ముందు అంచున, ప్రేక్షకులకు కనబడకుండా నేలలోకి దిగిన చిన్న గూడు ఒకటి ఉండేది. పైన చెక్క డిప్ప, లోపల ఒక స్టూలు, చేతికందేంత దూరంలో చిన్న దీపం. నాటకం ప్రతిని ఒళ్లో పెట్టుకుని పందొమ్మిదేళ్లుగా ఆమె ఆ గూట్లో కూర్చుని, మాట మర్చిపోయిన వాళ్లకి మాట అందిస్తూ వచ్చింది.

రాజుల్నీ సేనాధిపతుల్నీ ఆమె ఎప్పుడూ పాదాల దగ్గర్నుంచే చూసింది. ఏ చక్రవర్తి చెప్పు అడుగున చిల్లు పడిందో, ఏ మహారాణి మడమ పగిలిందో ఆమెకు తెలిసినంతగా వాళ్ల దర్జీకి కూడా తెలియదు. నటుడు మాట మర్చిపోబోతున్నాడని అతనికంటే ముందే ఆమె కనిపెట్టేది. వాక్యం మధ్యలో తీసుకోకూడని చోట ఊపిరి తీసుకున్నాడంటే అంతే, మాట జారిపోతోందన్నమాట. అప్పుడు మూడో వరసకి వినబడకుండా, నటుడి చెవిన మాత్రం పడేలా మొదటి రెండు మాటలు విసిరేది. నోరు తెరిచిన నటుడు ఆ మాటల్ని తనవే అన్నట్టు అందుకునేవాడు. అందించిన మాటని తూచి చూసుకునే తీరిక అక్కడ ఎవడికీ ఉండదు. అంత నమ్మకం మీద నడిచే పని అది.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి దర్జీ దుకాణాలకి కాజాలు కుట్టేది. ఏడేళ్లు చిన్నవాడైన తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది అక్కే. వాడికి పదహారేళ్లు రాగానే నాటకశాలలోనే దీపాల పనిలో పెట్టింది. తీగలు లాగడం, కలపడం, ఎక్కడ కలిపితే ఎక్కడ వెలుగుతుందో చూసుకోవడం వాడికి ఇట్టే పట్టుబడింది. యుద్ధం వచ్చినప్పుడు ఆ పనితనమే వాడి మెడకి చుట్టుకుంది. తీగలు కలపడం తెలిసినవాణ్ని సైన్యం మందుపాతరలు పెట్టే దళంలోకి తీసుకుంది.

యుద్ధరంగం నుంచి వాడు పన్నెండు ఉత్తరాలు రాశాడు. తల్లికి చదువు రాదు. సాయంత్రం పని నుంచి వచ్చాక ఆమె కిటికీ పక్కన కూర్చుని చదివి వినిపించేది. "నాలుగు రోజులైంది బూట్లు విప్పి" అని ఉంటే "కొత్త బూట్లు ఇచ్చారంటమ్మా" అని చదివేది. "నిన్న నా పక్కవాడు పోయాడు" అన్న చోట "పక్కనున్న కుర్రాడు నీ గురించి అడుగుతుంటాడంట" అని చదివేది. అసలే నిద్రపట్టని ముసలమ్మకి ఉన్న కాస్త నిద్రా పోగొట్టడం ఎందుకని ఆమె ఉద్దేశం. తల్లి సూదిలో దారం ఎక్కిస్తూ వింటూ, "చూశావా, వాడు ఎక్కడున్నా నలుగురినీ కలుపుకుపోతాడు" అని మురిసిపోయేది.

పదమూడోసారి వచ్చింది ఉత్తరం కాదు, అచ్చు కాగితం. విధి నిర్వహణలో ఆజ్ఞ ధిక్కరించినందుకు శిక్ష అమలు జరిగిందని రెండు వరసలు. శవం ఇవ్వలేదు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "యుద్ధంలో పోయాడమ్మా" అని మాత్రం చెప్పింది. అది అబద్ధమూ కాదు. ఊరి పెద్ద కార్యాలయం గోడకి చనిపోయిన సైనికుల పేర్లతో రాతిపలక పెట్టినప్పుడు, తల్లి తనని అక్కడికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. వేలితో ఒక్కో వరసా తడుముతూ "మనవాడిది ఏది?" అంది. "రాయి నిండిపోయిందంటమ్మా. ఇంకో రాయి పెడతారంట" అంది కూతురు. ఇంకో రాయి ఎవరూ పెట్టలేదు. వీధిలో వాళ్లకి సంగతి ఎలా తెలిసిందో గానీ తెలిసింది. ఎదురింటి వాళ్లు పలకరించడం మానేశారు. మెట్ల మీద తల్లి ఎదురైతే గోడ వైపు తిరిగేవాళ్లు.

ఆ రోజుల్లో ఆమె నమ్మిన మనిషి ఒక్కరే. మాస్టారు.

ఆయన పూర్వం కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. యుద్ధం మొదలైనప్పుడు దానికి వ్యతిరేకంగా వ్యాసం రాసి, ఉద్యోగం పోగొట్టుకుని, ఎనిమిది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. జైలుకి సబ్బులూ పుస్తకాలూ పట్టుకెళ్లింది ఆమే. అంతకుముందు నుంచే ఆయన ఆదివారాలు నాటకశాల మేడ మీద గదిలో పాఠాలు చెప్పేవాడు. వడ్రంగులూ, దర్జీలూ, టిక్కెట్లు చింపేవాళ్లూ వచ్చి వినేవాళ్లు. పాత రాజ్యాలు ఎలా కూలాయి, రాజులు యుద్ధాలు ఎందుకు కోరుకుంటారు, విషాద నాటకం చూసి జనం ఎందుకు ఏడుస్తారు అని ఆయన చెబుతుంటే ఆమెకి తను రోజూ అందించే మాటలకి అర్థం మొదటిసారి తెలిసినట్టుండేది. ఒకసారి ఆయనన్న మాట ఆమె తన నాటకం ప్రతి వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంది. "యుద్ధంలో మనిషి చావడం ఒక్కటే విషాదం కాదు. వాడి చావుకి అర్థం ఇంకెవడో రాసి పెట్టడం అంతకంటే పెద్ద విషాదం."

యుద్ధం ఓటమితో ముగిసిన మరుసటి ఏడు, ఒకరోజు పొద్దున రిహార్సల్ జరుగుతుండగా వెనక గుమ్మం దగ్గర ఎవరో పిలుస్తున్నారని చెప్పారు. వెళ్లి చూస్తే సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ తప్ప మిగతావి లేవు. "మీ తమ్ముడూ నేనూ ఒకే దళం అక్కా" అన్నాడు. చొక్కా కాలరు కుట్టు విప్పి, అందులోంచి సిగరెట్టంత చుట్టిన కాగితం తీసి ఇచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు ఎడం చేత్తో పట్టుకుని గటగటా తాగేసి, రైలు గేటు దగ్గర తనకి ఉద్యోగం దొరికిందనీ, ఎప్పుడైనా అవసరమైతే అక్కడుంటాననీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె తెరల గదిలోకి వెళ్లి తలుపేసుకుని చదివింది.

"అక్కా, వంతెన మీద జనం ఉన్నారు. ముసలాళ్లు, పిల్లలు, తోపుడు బళ్లు. వెనక శత్రువు వస్తున్నాడు, పేల్చెయ్యమన్నారు. తీగ నా చేతిలోనే ఉంది. కలపలేదు. వీళ్లు దాటేదాకా ఆగుదామన్నాను. విచారణ పావుగంట పట్టింది. భయంగానే ఉంది. అమ్మకి నువ్వు ఎలా చదివి వినిపిస్తావో నాకు తెలుసు. ఈ ఒక్కటీ మాత్రం ఉన్నదున్నట్టు చదువు."

అయినా ఆమె చదవలేదు. ఆ సాయంత్రం తల్లి మొహంలోకి చూసి, కాగితం మళ్లీ మడిచేసింది. రేపు చదువుదామనుకుంది. ఆ రేపు మూడేళ్లయింది. ఆ ఉత్తరం బరువు ఒక్కతే మొయ్యలేక చివరికి దాన్నీ, పాత పన్నెండింటినీ కలిపి మాస్టారి చేతిలో పెట్టింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చదివాడు. "ఇది నేను రాస్తాను తల్లీ" అన్నాడు. "ఇలాంటి ఒక్క ఉత్తరం చాలు, వంద చరిత్ర పుస్తకాలు అబద్ధమని తేల్చడానికి."

"మార్చకుండా రాస్తారు కదా మాస్టారూ?"

"ఒక్క అక్షరం మారిందంటే నన్ను మనిషిగా లెక్కచెయ్యకు."

ఆ తర్వాత కొత్త ప్రభుత్వం వచ్చింది. జైలుకెళ్లొచ్చిన వాళ్లని పిలిచి పీట వెయ్యడం మొదలుపెట్టింది. మాస్టారు సంస్కృతి కమిటీలో సలహాదారు అయ్యాడు. మేడ మీద పాఠాలు ఆగిపోయాయి. ఎప్పుడైనా నాటకశాలకి వస్తే కారు దిగి వచ్చేవాడు. అయినా ఆమెని చూస్తే ఆగి, "రాస్తున్నాను తల్లీ" అనేవాడు. ఆ రెండు మాటలూ పట్టుకుని ఆమె రెండేళ్లు గడిపింది.

నాటకం పేరు "వంతెన వీరుడు". మొదటి రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదువుకుంటున్నారు. మొదటి అంకంలో కాజాలు కుట్టే తల్లి ఉంది, దీపాలు వెలిగించే కుర్రాడున్నాడు, వాణ్ని చంకనేసుకుని పెంచిన అక్క ఉంది. ఆమెకి కళ్లు చెమర్చాయి. అలవాటు కొద్దీ ముందు పేజీలు తిప్పింది. మూడో అంకంలో కుర్రాడు వంతెన మధ్యలో నిలబడి ఉన్నాడు. వంతెన మీద వాడు తప్ప పురుగు కూడా లేదు. అవతల నుంచి శత్రువు వస్తున్నాడు. వాడు తీగ చేత్తో పట్టుకుని అరుస్తున్నాడు. "పేల్చండి! నా కోసం చూడకండి! శత్రువుని దాటనివ్వకండి!" తర్వాత బ్రాకెట్లో, పెద్ద పేలుడు.

పేజీ తప్పు తిప్పానేమో అనుకుని వెనక్కి తిప్పింది. ముందుకు తిప్పింది. అట్ట మీద చూసింది. "ఒక అమరవీరుడి ఉత్తరాల ఆధారంగా" అని ఉంది. చుట్టూ కూర్చున్నవాళ్లు చదువుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్లింది.

"మాస్టారూ, మా తమ్ముడు వంతెన పేల్చలేదు."

"కూర్చో తల్లీ."

"పేల్చనందుకే చంపారు. శత్రువు కాదు, మనవాళ్లే. ఉత్తరం మీ దగ్గరే ఉంది."

"తెలుసు." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఉన్నది ఉన్నట్టు రాశాను. మొదట అలాగే రాశాను, ఒట్టు. కమిటీలో మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. ఓడిపోయి కూర్చున్న దేశం తల్లీ ఇది. మన సైన్యం మన కుర్రాణ్ని కాల్చిందని చెబితే ఎవరు వింటారు? ఇప్పుడు చూడు, వాడి పేరు మీద జనం కన్నీళ్లు పెడతారు. వాడికి మళ్లీ ప్రాణం పోశాను నేను."

"వాడికి కాదు. వాడి చొక్కా వేసుకున్న ఇంకెవడికో."

ఆయన ముఖం కాస్త ఎర్రబడింది. "నువ్వు మీ అమ్మకి చదివిన ఉత్తరాల సంగతేంటి? కొత్త బూట్లూ అవీ... నువ్వే చెప్పావు కదా, ఒకప్పుడు నవ్వుతూ. నువ్వు ఇంట్లో చేశావు, నేను ఊళ్లో చేశాను. తేడా ఎక్కడుంది, చెప్పు."

ఆయన మీద నమ్మకంతో, జైలు గది ఊచల బయట నిలబడి, నవ్వించడానికి చెప్పుకున్న సంగతి అది. దాన్నే కత్తిలా తీసి ఆమె మెడ మీద పెట్టాడు.

నాటకం ఆడింది. మొదటి రోజు తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టి, మాస్టారు స్వయంగా పూలగుచ్ఛం ఇచ్చాడు. కుర్రాడి వేషం వేసినవాడు ఆట అయ్యాక వచ్చి ముసలమ్మ కాళ్లకి దణ్ణం పెడితే ఆవిడ వాడి చెంపలు నిమిరి ఏడ్చింది. మర్నాడు ఎదురింటి ఆవిడ తలుపు తట్టి మరీ పలకరించింది. ఏడేళ్ల తర్వాత మొదటిసారి తల్లి మెట్ల మీద తలెత్తి నడిచింది. "రాయి మీద లేకపోతేనేంలే అమ్మాయీ" అంది, "ఇప్పుడు ఊరందరి నోళ్లలో ఉన్నాడు." కూతురు కంచం ముందు కూర్చుని ముద్ద మింగలేక తల వంచుకుంది. చెబితే తల్లి మొహంలో వచ్చిన ఆ వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే తమ్ముడు రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇంకోసారి పోతున్నాడు.

నలభై రెండు ఆటలు అలాగే గూట్లో కూర్చుంది. ప్రతి ఆటలోనూ పేలుడు చప్పుడికి పైనున్న చెక్క డిప్ప అదిరి ఒళ్లో దుమ్ము రాలేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ కుర్ర నటుడు ఒక్క మాటా మర్చిపోయేవాడు కాదు. అది ఒక్కటే ఆమెకి ఊరట. వాడు మర్చిపోకపోతే ఆ మాటలు తన నోటితో అననక్కర్లేదు.

నలభై మూడోది ఆదివారం మధ్యాహ్నం ఆట. కుర్ర నటుడికి రెండు రోజులుగా జ్వరం. మాత్రలు మింగి వేషం కట్టాడు. మొదటి రెండు అంకాలూ ఎలాగో నెట్టుకొచ్చాడు. మూడో అంకంలో వంతెన మీదకొచ్చి, తీగ చేత్తో పట్టుకుని, తీసుకోకూడని చోట ఊపిరి తీసుకున్నాడు. కళ్లు తేలవేసి గూడు వైపు చూశాడు.

ఆమె ఒళ్లో పేజీ తెరిచే ఉంది. "పేల్చండి" అన్న మాట కింద తనే పెన్సిల్‌తో గీసిన గీత ఉంది. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"వంతెన మీద జనం ఉన్నారు" అని అందించింది.

"వంతెన మీద జనం ఉన్నారు!" అన్నాడు వాడు, జ్వరపు గొంతుతో, పూర్తి నమ్మకంతో. మళ్లీ గూడు వైపు చూశాడు.

"ముసలాళ్లు, పిల్లలు, తోపుడు బళ్లు."

"ముసలాళ్లు... పిల్లలు... తోపుడు బళ్లు..."

"తీగ నా చేతిలోనే ఉంది. కలపను."

వాడు చేతిలో తీగ వైపు చూసుకున్నాడు. "తీగ నా చేతిలోనే ఉంది" అన్నాడు నెమ్మదిగా. "కలపను."

"పేల్చండి" అనే మాట వినబడితే గానీ మీట నొక్కని పేలుడు చప్పుడు మనిషి, పక్క తెర చాటున చెయ్యి గాల్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అధికారి వేషగాడు నోరు తెరిచి మూశాడు. చప్పట్లు లేవు. వెనక వరసల్లో ఎవరో లేచి నిలబడ్డారు. ఇంకో ఇద్దరు లేచారు. అందులో ఒకడికి చంక కింద కర్ర ఉంది. అప్పటికి ఎవరో తెలివి తెచ్చుకుని తెర దించేశారు.

మర్నాడు పొద్దున మేనేజరు గదిలో విచారణ. మేనేజరు చెడ్డవాడు కాదు, తలనొప్పి పడనివాడు. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కుర్ర నటుడు గోడకి ఆనుకుని, "అక్క అందించిందే నేనన్నాను సార్. నాకేం తెలుసు" అని నేల చూపులు చూశాడు. అందులో వాడి తప్పేం లేదు.

"ఇలా ఎందుకు చేశావమ్మా?" అన్నాడు మేనేజరు.

"అవి మా తమ్ముడి మాటలు సార్. వాడు ఉత్తరంలో రాసినవి. ఆ ఉత్తరం మాస్టారి దగ్గరుంది, అడగండి."

మేనేజరు మాస్టారి వైపు చూశాడు. ఆయన ఆమె వైపు చూశాడు. జాలిగా చూశాడు, ఆ చూపునే ఆమె ఎప్పటికీ మర్చిపోలేకపోయింది.

"ఏ ఉత్తరం?" అన్నాడు.

"మాస్టారూ..."

"పన్నెండు ఉత్తరాలిచ్చింది, పన్నెండూ తిరిగి ఇచ్చేశాను. పదమూడోది ఉందని ఈమె అనుకుంటోంది. దుఃఖం మనిషిని అలా చేస్తుంది. శిక్షలూ అవీ వద్దు మేనేజరుగారూ. విశ్రాంతి ఇవ్వండి, పాపం."

పందొమ్మిదేళ్ల పని ఆ "పాపం" అన్న మాటతో తెగిపోయింది. ఆమె అరవలేదు. అరవడం ఆమెకి చేతకాదు. గూట్లోకి దిగి, స్టూలు మీద తను వేసుకునే పాత దుప్పటి ముక్క తీసుకుని, వెనక గుమ్మంలోంచి బయటికొచ్చింది.

ఇంటికెళ్లేసరికి కబురు ముందే చేరిపోయింది. తల్లి కుట్టుపని పక్కన పడేసి కూర్చుంది.

"నా కొడుకుని నలుగురిలో పిరికివాణ్ని చేశావంటగా?"

"పిరికివాడు కాదమ్మా. విను. వాడు చివరగా ఒక ఉత్తరం రాశాడు. నీకు చదవలేదు." కంఠతా వచ్చిన మాటలన్నీ, ఒక్కటీ పొల్లు పోకుండా అప్పజెప్పింది. "ఈ ఒక్కటీ మాత్రం ఉన్నదున్నట్టు చదువు, అని రాశాడమ్మా."

తల్లి అడిగింది. "ఈ ఒక్కటీనా? అంటే మిగతావి?"

దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. బూట్ల సంగతీ, పక్కవాడి సంగతీ, రాయి నిండిపోయిందన్న సంగతీ, దేశం కోసమే మార్చానన్న మాస్టారి మాటా అన్నీ చెప్పేసింది. తల్లి మొహం ఒక్కో మాటకీ ఒక్కో కిటికీ మూసుకున్నట్టు మూసుకుపోయింది.

"కాగితం ఏది?"

"లేదు. మాస్టారు ఇవ్వలేదు. లేనే లేదన్నారు."

"మరి ఇది కూడా నువ్వు అల్లింది కాదని నేనెలా నమ్మను?"

మూడు రోజులు ఇద్దరూ ఆ రెండు గదుల్లో పరాయివాళ్లలా తిరిగారు. నాలుగో రోజు ఆమె బస్సెక్కి, ఊరి చివర రైలు గేటు దగ్గరికి వెళ్లింది. వేళ్లు లేని మనిషి జెండా చుట్టుకుంటూ ఆమెని చూసి ఆగిపోయాడు. విషయం చెప్పి, "మీరొక్కసారి వచ్చి మా అమ్మకి చెప్పండి. నా మాట నమ్మదు" అంది. అతను పట్టాల వైపు చూస్తూ "సెలవు రోజు వస్తానక్కా" అన్నాడు.

వచ్చాడు. ముసలమ్మ ఎదురుగా స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ల మధ్య దాచుకుని కూర్చుని, మొత్తం చెప్పాడు. ఉత్తరంలో ఉన్నదే చెప్పాడు. తల్లి ఒక్కసారి కూతురు వైపు చూసింది, మళ్లీ అతని వైపు తిరిగింది.

"ఆ జనం... దాటారా బాబూ?"

"సగం మంది దాటారమ్మా."

"సగమేనా?"

"మీవాణ్ని పక్కకి లాగేశాక, ఇంకొకణ్ని కలపమన్నారు. వాడు కలిపాడు." కుడిచెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. "నేనే కలిపానమ్మా. కాళ్లు కదలక వంతెన దగ్గరే ఉండిపోయాను. అందుకే ఇలా అయింది."

గుసగుసమ్మ గుమ్మం పట్టుకుంది. తమ్ముడి ఆఖరి మాటని కాలర్లో కుట్టుకుని తెచ్చినవాడు, ఆ తీగ కలిపినవాడు ఒక్కడే. ఆ రోజు నాటకశాల గుమ్మంలో ఈ మాట చెప్పకుండా వెళ్లిపోయాడు. తను నమ్మిన వాళ్లలో ఏదో ఒకటి దాచనివాడు ఒక్కడు లేడు. ఆ లెక్కన తనూ అంతే.

తల్లి అతన్ని తిట్టలేదు. "పిల్లలున్నారా ఆ మిగిలిన సగంలో?" అని మాత్రం అడిగింది.

"ఉన్నారమ్మా."

"అయితే వాడు చేసిందే సరి." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు వచ్చి చెప్పావు. ఆలస్యంగానైనా చెప్పావు." తర్వాత కూతురి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "అంత పని చేసిన కొడుకు నాకున్నాడని ఇన్నేళ్లూ నాకు తెలియనివ్వలేదు నువ్వు. వినలేననుకున్నావు. వాళ్లు వాణ్ని ఒకసారి చంపారు. వాడు నాకు పంపిన మాటని నువ్వు గుమ్మంలోనే ఆపేశావు."

"నీకోసమేనమ్మా..."

"మీ మాస్టారూ అలాగే అన్నాడుగా, దేశం కోసమని."

ఆ మాట తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఏదో పోయింది, పూర్తిగా తిరిగి రాలేదు. పోట్లాటలు లేవు. వండుకున్నారు, తిన్నారు, జ్వరాలొస్తే ఒకరికొకరు చేసుకున్నారు. కానీ ఏ కాగితం వచ్చినా తల్లి దాన్ని దిండు కింద పెట్టి, సెలవు రోజు వచ్చే గేటు మనిషి చేత చదివించుకునేది. ఆమె పక్కనే కూర్చుని ఆకుకూర తుంచుతూ వినేది.

ఆమెకి ఒక అచ్చుకూటంలో పని దొరికింది. ప్రూఫులు దిద్దే ముసలాయన అచ్చయిన కాగితం మీద కళ్లు పెట్టుకుంటే, పక్కన కూర్చుని మూలప్రతిని పైకి చదవడం. కామా దగ్గర "కామా" అనాలి, పేరా దగ్గర "పేరా" అనాలి. మార్చడానికి వీల్లేని పని. ఆమెకి ప్రాణానికి హాయిగా ఉండేది.

నాలుగేళ్లు గడిచాక అవతలి దేశంతో సంధి కుదిరింది. పేపర్లో ఇద్దరు నాయకులూ చేతులు కలుపుకున్న బొమ్మ పడింది. "వంతెన వీరుడు" ఆడటం మర్నాడే ఆపేశారు. ఆ నెలలోనే ఒక సాయంత్రం మాస్టారు వాళ్లింటికొచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"తల్లీ, ఇప్పుడు రోజులు మారాయి" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయొచ్చిప్పుడు. తుపాకీ దించిన కుర్రాడు, అవతలి జనాన్ని కాపాడినవాడు. కమిటీ వాళ్లే అడుగుతున్నారు. ఆ ఉత్తరం... అప్పట్లో వాళ్లకి చూపించాను, వాళ్లు ఉంచేసుకున్నారు, తర్వాత ఎక్కడో కాల్చేశారు. నేను భయపడ్డాను. కాదనను. కానీ నీకు కంఠతా వచ్చు కదా. ఒక్కసారి చెప్పు, రాసుకుంటాను."

జేబులోంచి కలం తీశాడు. ఆమె ఆ కలం వైపు చూసింది. నాలుగేళ్ల కిందట అయితే ఈ క్షణం కోసం ప్రాణం ఇచ్చేది. ఉత్తరం ఉందని ఆయన నోటితో ఒప్పుకున్నాడు, అదీ వినేవాళ్లెవరూ లేని చోట. కోపం కూడా రాలేదు. చాలా రోజులు నిలబడి నిలబడి కూర్చోబోతే కుర్చీ లేనట్టు అనిపించింది.

"మా అమ్మని అడగండి" అంది.

తల్లి లోపలి గదిలోంచి అంతా వింటూనే ఉంది. గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "మావాడు మాకు చాలు బాబూ. మీ నాటకానికి ఇంకో అబ్బాయిని చూసుకోండి" అంది. అని, కూతురి పక్కకి వచ్చి నిలబడింది. ముట్టుకోలేదు. పక్కన నిలబడింది, అంతే.

ఆయన కలం జేబులో పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు.

నాటకం మటుకు రాశాడు. రాయకుండా ఉంటాడని ఆమె అనుకోలేదు. దాని గోడపత్రిక అచ్చుకి వాళ్ల కూటానికే వచ్చింది. ప్రూఫులాయన కళ్లజోడు సర్దుకుని "కానీ అమ్మా" అన్నాడు. ఆమె ప్రతి చేత్తో పట్టుకుని, తడబడకుండా, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుంటూ పైకి చదివింది. నాటకం పేరు, రచయిత పేరు, తేదీ, వేళ. "ఒక సైనికుడి యథార్థ గాథ" అన్న చోట ఆగి, అచ్చు కాగితం మీదకి వంగి చూసింది.

"యదార్థ అని పడింది" అంది. "ద కాదు, థ. పొట్టలో చుక్క ఉండాలి."

"అవును సుమా" అని ఆయన ఎర్ర సిరాతో దిద్దాడు. ఆమె ఆ కాగితం పక్కన పెట్టి, తర్వాతిది అందుకుంది. అది ఎవరో మందుల దుకాణం వాళ్ల ధరల పట్టీ.